నంది కొండ: నడిచి ఎక్కి, సైకిల్ మీద దిగే రోజుకి ఎలా సిద్ధం కావాలి

బెంగళూరులో ఉండే మనవాళ్లలో నంది హిల్స్ చూడనివాళ్లు తక్కువే. తెల్లవారుజామున మూడింటికి కారు తీయడం, పొద్దు పొడిచేలోపు పైకి చేరడం, మంచులో నాలుగు ఫొటోలు, ఒక టీ, తొమ్మిదికల్లా తిరుగు ప్రయాణం. అలా వెళ్తే కొండ కళ్లకి కనిపిస్తుంది గానీ కాళ్లకి తగలదు. నేను చెప్పబోయేది అదే కొండని ఒక పూర్తి రోజు పెట్టి చూడటం గురించి. సుల్తాన్‌పేట వైపున్న పాత రాతిమెట్ల మీదుగా నడిచి ఎక్కాలి. పైన తోటలో విశ్రాంతి తీసుకోవాలి. తర్వాత ఘాట్ రోడ్డు మీద సైకిల్‌తో దిగి, కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడి దగ్గర ఆపాలి. ఇదంతా గైడ్‌తో కలిసి, ఆరేడుగురు ఉన్న చిన్న గుంపుగా.

నాకు ఈ కొండ అంటే ప్రత్యేకమైన అభిమానం. మాది నెల్లూరు. చిన్నప్పుడు సాయంత్రాలు ఇసుకలో ఆడుకున్న మా పెన్న ఈ నంది కొండల్లో, చెన్నకేశవ కొండ దగ్గర పుడుతుందని ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాకే తెలిసింది. చిత్రావతి, అర్కావతి, పాలారు కూడా ఈ చుట్టుపక్కల పుట్టినవే. చిక్కబళ్లాపురం చుట్టూ ఊళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. మెట్ల దగ్గర మజ్జిగ అమ్మే అవ్వతో కన్నడంలో కష్టపడి మాట్లాడుతుంటే ఆమె తెలుగులో జవాబిచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. గైడ్ ఉన్నాడు కదా అని మొత్తం బాధ్యత అతనికి అప్పజెప్పేయకండి. దారి, వాతావరణం, అనుమతులు, గుంపుని కలిపి ఉంచడం అతని పని. మీ బ్రేకు, మీ అలసట, మీ వేగం మాత్రం మీవే. అవి మీ ఒంటికే తెలుస్తాయి.

బుక్ చేసే ముందు అడగాల్సినవి

ఫోన్‌లో "ఎంత అండీ" అనేముందు ఇంకొన్ని విషయాలు కనుక్కోండి. ఎంతమందికి ఒక గైడ్? సైకిల్ దిగేటప్పుడు ముందు ఒకరు, అందరికన్నా వెనక ఒకరు ఉండాలి. ఆ వెనకాల మనిషి లేకపోతే ఎవరైనా పడిపోయిన సంగతి ముందున్నవాళ్లకి పది నిమిషాల దాకా తెలియదు. వెనక వాహనం వస్తుందా? అలసిపోయినవాళ్లు మధ్యలో సైకిల్ ఎక్కించి కూర్చునే వీలుండాలి. హెల్మెట్లు ఎన్ని సైజుల్లో ఉన్నాయి? సైకిళ్లని ఎవరు, ఎప్పుడు చూస్తారు? ఈ చివరి ప్రశ్నకి తడబాటు లేకుండా జవాబు వస్తే నమ్మొచ్చు. "అన్నీ కొత్త సైకిళ్లే మేడం" అనేది జవాబు కాదు.

ఎందుకంటే నాకు ఒకసారి అనుభవం అయింది. డిసెంబరులో ఒక ఆదివారం, అద్దెకిచ్చిన సైకిల్ మీద దిగుతున్నాను. మూడో మలుపు దగ్గర కుడిచేతి బ్రేకు నొక్కితే లివర్ మెత్తగా వచ్చి హ్యాండిల్‌కి ఆనుకుంది. ఏమీ పట్టలేదు. ఇక వెనక బ్రేకు ఒక్కటే దిక్కు. దాన్ని గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుపోయి పక్కకి జారింది. ఎలాగో రోడ్డు పక్క మట్టిగట్టుకి ఆనించి ఆపగలిగాను. మోచేయి గీరుకుపోయింది, అంతే. తర్వాత చూస్తే కేబుల్‌ని పట్టి ఉంచే చిన్న బోల్టు వదులైపోయి ఉంది. ముందు వారం ఆ సైకిల్ తొక్కిన మనిషికి బ్రేకు లూజుగా అనిపించిందట. ఎవరికీ చెప్పలేదట. ఆ రోజు నేను కూడా బయలుదేరే ముందు ఒక్కసారైనా గట్టిగా నొక్కి చూడలేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ మలుపే కారణం.

మెట్ల దారి, పైన గేటు వేళలు, ఆన్‌లైన్ టికెట్ల సంగతి కూడా గైడ్‌నే అడగండి. శని, ఆదివారాలకి, పండుగ రోజులకి నియమాలు మారుతుంటాయి. గట్టి వాన పడిన వారంలో అయితే రోడ్డు ఎలా ఉందో తప్పకుండా కనుక్కోండి. 2021 ఆగస్టులో భారీ వర్షాలకి కొండచరియలు విరిగిపడి రోడ్డు తెగిపోయింది, నెలల తరబడి పైకి ఎవరినీ వెళ్లనివ్వలేదు. నా లెక్కలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వీలైతే మామూలు పనిదినాన సెలవు పెట్టి వెళ్లండి. ఆదివారం ఘాట్ రోడ్డు మీద కార్ల వరస చూశాక సైకిల్ దిగాలనే ఉత్సాహం సగం పోతుంది.

ఒకటి రెండు వారాల ముందు

కొండ సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తు. మనం ఉండే బెంగళూరే 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఊపిరి ఆడకపోవడం లాంటి ఇబ్బందులు ఉండవు. ఇబ్బంది అంతా మోకాళ్లకి, పిక్కలకి. వెయ్యికి పైగా మెట్లు, అందులో చాలావరకు ఎగుడుదిగుడు రాళ్లు. రెండు వారాలు అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మానేసి మెట్లెక్కండి. రోజుకి ముప్పై నలభై అంతస్తులు, విడతలుగా అయినా సరే.

సైకిల్ సంగతి వేరు. స్కూలు రోజుల తర్వాత మళ్లీ సైకిల్ ముట్టనివాళ్లు నేరుగా ఘాట్ రోడ్డు మీద మొదలుపెట్టకూడదు. ఆదివారాలు కబ్బన్ పార్కు లోపలికి మోటారు వాహనాలు రానివ్వరు కాబట్టి అక్కడ రెండు వారాలు గంటసేపు తొక్కండి. తొక్కడం కన్నా ఆపడం ఎక్కువ సాధన చేయండి. ఒక చెట్టుని గురి పెట్టుకుని, దాని దగ్గరకి వచ్చేసరికి చక్రం జారకుండా ఆగాలి. వేగం రెట్టింపు అయితే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్క చదివితే ఒంటపట్టదు. ఇరవై కిలోమీటర్ల వేగంలో ఒకసారి, ముప్పైలో ఒకసారి ఆపి చూస్తే ఒంటపడుతుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలి

రెండు లీటర్ల నీళ్లు. రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. అరటిపళ్లు, వేరుశనగ చిక్కీ, ఎండు ఖర్జూరం. పలచటి గాలి కోటు ఒకటి, ఎందుకంటే ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు చల్లగాలికి తగిలి వణుకు పుడుతుంది. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. పడినప్పుడు మనిషి మొదట పెట్టేది అరచేయే. వేళ్లు పూర్తిగా మూసి ఉండే షూ, మడమ జారనిది. చెప్పులు, చున్నీలు, వదులు ప్యాంట్లు వద్దు. చైనులో చిక్కుకుంటాయి. ప్యాంటు వదులుగా ఉంటే కుడి కాలి దగ్గర ఒక రబ్బరు బ్యాండు వేసుకోండి.

తినేవి సంచి లోపల పెట్టండి, చేతిలో పట్టుకుని తిరగొద్దు. పైన కోతులు బిస్కెట్ పొట్లం చప్పుడుకే వచ్చేస్తాయి. పిల్లలు ఉంటే ఈ విషయంలో ఇంకా జాగ్రత్త. ఫోన్‌లో 112, 108 నంబర్లు అందరికీ తెలిసినవే. గైడ్ నంబరు, వ్యాను డ్రైవరు నంబరు మాత్రం కాగితం మీద రాసి జేబులో వేసుకోండి. ఫోను పడి పగిలిన రోజు ఆ కాగితమే పనికొస్తుంది.

తెల్లవారుజామున

హెబ్బాళ నుంచి దేవనహళ్లి దాకా ఉన్న బళ్లారి రోడ్డు మీద సైకిల్ తొక్కొద్దు. చాలామంది సైక్లిస్టులు తొక్కుతారు, నాకు తెలుసు. చీకట్లో విమానాశ్రయానికి దూసుకుపోయే ట్యాక్సీల పక్కన నాకైతే ఆ ధైర్యం లేదు, మీకూ వద్దంటాను. సైకిళ్లు వ్యానులో వస్తాయి, మీరూ వ్యానులోనే వెళ్లండి. నాలుగున్నరకి బయలుదేరితే నగరం నుంచి అరవై కిలోమీటర్లు ఆరింటికల్లా చేరిపోతారు. దారిలో కడుపు నిండా తినకండి. రెండు ఇడ్లీ, ఒక కాఫీ చాలు.

మెట్లు ఎక్కడం

సుల్తాన్‌పేటలో దిగగానే గైడ్ వెంటనే నడిపించేస్తుంటే ఐదు నిమిషాలు ఆగమనండి. మడమలు, మోకాళ్లు, నడుము కాస్త వేడెక్కనివ్వండి. వ్యాను సైకిళ్లతో రోడ్డు మీదుగా పైకి వెళ్తుంది. మీరు అడవిలోంచి వెళ్తారు.

మొదటి రెండు వందల మెట్లే అసలు పరీక్ష. ఉత్సాహం ఎక్కువ, ఊపిరి తక్కువ. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలిగేంత నెమ్మదిగా ఎక్కండి. మాట తెగిపోతోందంటే వేగం తగ్గించాల్సిందే. అడుగు మొత్తం మెట్టు మీద పెట్టండి, మునివేళ్ల మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. ఆ పిక్కలతోనే తర్వాత పెడల్ మీద నిలబడాలి. గుంపులో అందరికన్నా నెమ్మదిగా ఎక్కేవాళ్లని ముందు నడవమనండి. వెనక పెడితే వాళ్లు ఎప్పుడూ అలసటతో వచ్చి చేరుతారు, వాళ్లు చేరేసరికి మిగతావాళ్లు లేచి బయలుదేరుతారు. వాళ్లకి విశ్రాంతి అన్నదే ఉండదు.

దారిలో కోటగోడలు, ద్వారాలు వస్తాయి. 1791లో కార్న్‌వాలిస్ సైన్యం టిప్పు సుల్తాన్ నుంచి ఈ కోటని పట్టుకుంది. ఫిరంగులకి తట్టుకునేలా కట్టిన ఆ గోడ రాళ్ల మధ్య ఇప్పుడు రావి మొక్కలు వేళ్లూనాయి. ద్వారం నీడలో కూర్చుని ఒక గుక్క నీళ్లు తాగండి. ఆగిన ప్రతిసారీ రెండు మూడు గుక్కలు, అంతే. గటగటా తాగితే కడుపులో నీళ్లు కదులుతూ ఎక్కడం కష్టమవుతుంది. మెట్ల దారి వదిలి పొదల్లోకి వెళ్లొద్దు. ఫొటో కోసం గోడ చివర నిలబడొద్దు. మంచు పడిన ఉదయం ఆ రాళ్లు నూనె రాసినట్టు ఉంటాయి.

గంటన్నర నుంచి రెండు గంటల్లో పైకి వచ్చేస్తారు.

పైన

ఇక్కడ తొందరపడకండి. కనీసం రెండు గంటలు ఉండండి. తోట అంతా ఎత్తయిన చెట్లు, పచ్చిక, నడవడానికి బాటలు. అమృత సరోవరం దగ్గర మెట్ల మీద కూర్చుంటే గాలి చల్లగా తగులుతుంది. యోగనందీశ్వరుడి గుడికి వెళ్లి రండి. కింద భోగనందీశ్వరుడు, పైన యోగనందీశ్వరుడు. మనం ఈ రోజు యోగం నుంచి భోగానికి దిగుతున్నాం అని మా గైడ్ ప్రతి గుంపుకీ చెబుతాడు. నెహ్రూ నిలయం అనే అతిథిగృహాన్ని బయటినుంచి చూడండి. 1986లో సార్క్ దేశాల నాయకులు బెంగళూరు సమావేశాలకి వచ్చినప్పుడు ఈ కొండ మీదకి కూడా వచ్చారు. టిప్పు డ్రాప్ అనే నిట్టనిలువు కొండ అంచు దగ్గర కంచె దాటొద్దు.

రెండు గంటలు ఎందుకంటే, మెట్లెక్కిన కాళ్లు వణుకుతుంటాయి. అది ఆ వేళ తెలియదు. సైకిల్ మీద నిలబడినప్పుడు తెలుస్తుంది. కాళ్లు చాపి కూర్చోండి, ఉప్పు తగిలేది ఏదైనా తినండి, ఓఆర్ఎస్ తాగండి. ఇంకో కారణం కూడా ఉంది. పొద్దు చూడటానికి వచ్చిన కార్లన్నీ ఎనిమిది, పది మధ్య ఒకేసారి దిగుతాయి. పదిన్నర దాటాక రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది. అప్పటికి మంచు కూడా పోయి తారు ఆరుతుంది.

సైకిల్‌ని మీరే చూసుకోవాలి

వ్యాను దగ్గర గైడ్ సైకిల్ అందించగానే ఎక్కేయకండి. ఐదు నిమిషాలు దానితోనే ఉండండి. గైడ్ చూసి ఉంటాడు, అయినా మీరూ చూడాలి.

ముందు టైర్లు. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, మెత్తగా దిగిపోకూడదు. పక్కల చీలికలు ఉన్నాయేమో తిప్పి చూడండి. చక్రాన్ని పట్టుకుని ఇటూ అటూ ఊపండి, టకటక అంటే ఇరుసు వదులుగా ఉన్నట్టు. ఇరుసు దగ్గర చేత్తో బిగించే లివర్ ఉండే రకమైతే అది పూర్తిగా మూసి ఉండాలి. మూసేటప్పుడు అరచేతిలో దాని అచ్చు పడేంత బిగువు కావాలి.

తర్వాత బ్రేకులు. ఏ చేయి ఏ చక్రానిదో నొక్కి చూసి తెలుసుకోండి. మన దగ్గర చాలా సైకిళ్లకి మోటారు సైకిల్ లాగే కుడి చేయి ముందు చక్రానిది. కానీ కొన్నింటికి తిరగేసి ఉంటుంది, కొండ మీద అది తెలుసుకునే సమయం ఉండదు. కుడి లివర్ నొక్కి పట్టి సైకిల్‌ని ముందుకి తోయండి. వెనక చక్రం గాల్లోకి లేవాలని చూస్తే ముందు బ్రేకు బాగా పట్టినట్టు. ఎడమది నొక్కి తోస్తే వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకు రావాలి. లివర్‌ని మీ బలమంతా పెట్టి నొక్కండి. హ్యాండిల్‌కి ఆనుకుందంటే ఆ సైకిల్ వద్దు. లివర్‌కి, హ్యాండిల్‌కి మధ్య కనీసం రెండు వేళ్ల సందు మిగలాలి. నొక్కి పట్టి పది లెక్కపెట్టండి. మెల్లగా జారిపోతూ ఉన్నా వద్దు. ఇంకో సైకిల్ అడగడానికి మొహమాటపడకండి. మొహమాటపడితే ఏమవుతుందో పైన రాశాను.

చక్రం అంచుని రబ్బరుతో పట్టే రిమ్ము బ్రేకులైతే రబ్బరు మీది గాడులు ఇంకా కనిపించాలి, రబ్బరు రిమ్ముకే తగలాలి గానీ టైరుకి రాసుకోకూడదు. ఇరుసు దగ్గర గుండ్రటి రేకుని పట్టే డిస్కు బ్రేకులైతే ఆ డిస్కుని చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు తగిలినా పట్టు తగ్గుతుంది. దిగాక అయితే కాలుతుంది.

సీటు మామూలుగా తొక్కే ఎత్తు కన్నా మూడు నాలుగు వేళ్లు కిందికి దించమనండి. బరువు కిందికి, వెనక్కి ఉంటే వాలులో ముందుకి తూలరు. హెల్మెట్ కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి, వెనక్కి జారి నుదురు బయటపడకూడదు. పట్టీ చెవి కింద రెండు వైపులా కలిసి, గడ్డం కింద రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి. తల ఊపితే హెల్మెట్ తలతో పాటే కదలాలి.

దిగడం

గేటు నుంచి కింద కూడలి దాకా ఏడెనిమిది కిలోమీటర్లు, వరసగా మలుపులు. తొక్కే పని దాదాపు ఉండదు. అందుకే చాలామంది ఇది తేలిక అనుకుంటారు. ఒక లెక్క చెబుతాను. మీరు, సైకిల్ కలిసి 90 కిలోలు అనుకుందాం. నాలుగు వందల యాభై మీటర్ల ఎత్తు దిగేసరికి మీ నుంచి విడుదలయ్యే శక్తి దాదాపు 4 లక్షల జౌళ్లు. గదిలో ఉంచిన లీటరు నీళ్లని మరిగించడానికి పట్టే దానికన్నా ఎక్కువ. అందులో కొంత గాలి తీసుకుంటుంది. మిగిలిందంతా ఆ రెండు చిన్న బ్రేకులు వేడిగా మార్చుకోవాలి.

అందుకే మా గైడ్ మొదటి మలుపుకి ముందే అందరినీ ఆపి ఒకటే మాట చెబుతాడు. చిక్కబళ్లాపురం పిల్లవాడు, మాట సాగదీస్తూ, "అక్కా, బ్రేకు నొక్కి పట్టుకోని రావద్దు. నొక్కు, వదులు. నొక్కు, వదులు. అది ఊపిరి తీసుకోవాల" అంటాడు. కొండంతా బ్రేకు పట్టుకునే దిగితే డిస్కులూ రబ్బర్లూ వేడెక్కి పట్టు పోతుంది. నేరుగా ఉన్న చోట గట్టిగా నొక్కి వేగం బాగా తగ్గించి, పూర్తిగా వదిలి, మళ్లీ వేగం పెరిగాక నొక్కాలి. కాలిన వాసన వచ్చినా, లివర్ ముందుకన్నా లోతుగా వెళ్తున్నా, రోడ్డు పక్క సురక్షితమైన చోట ఆగి పది నిమిషాలు చల్లారనివ్వండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, వెనక మనిషి ఉన్నది అందుకే.

రెండు బ్రేకులూ కలిపి వాడండి. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే. అందుకే దానికి భయపడి మానేయొద్దు, ఒక్కసారిగా గుంజొద్దు. ఒకటి లేదా రెండు వేళ్లు లివర్ మీద ఎప్పుడూ ఉండాలి, మిగతా వేళ్లు హ్యాండిల్‌ని పట్టుకోవాలి. నేరుగా దిగేటప్పుడు రెండు పెడళ్లూ నేలకి సమానంగా ఉంచి, వాటి మీద బరువు వేసి, సీటు నుంచి కొంచెం లేచి ఉండండి. మోచేతులు, మోకాళ్లు వంగి ఉండాలి. బిగుసుకుపోతే రోడ్డులో ప్రతి గుంతా మీ నడుముకే తగులుతుంది.

మలుపు వచ్చేముందే వేగం తగ్గించేయాలి. మలుపు లోపల బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. మలుపులో బయటి వైపు పెడల్ కిందికి ఉండాలి. ఎడమకి తిరుగుతుంటే కుడి పెడల్ కిందికి. లోపలి పెడల్ కిందికి ఉంటే నేలకి తగిలి పడేస్తుంది. కళ్లు మలుపు చివర మీద పెట్టండి. చూపు ఎక్కడుంటే సైకిల్ అక్కడికే పోతుంది. లోయ వైపు గోడని చూస్తూ ఉంటే దాని వైపే వెళ్తారు. ఇది మొదటిసారి దిగేవాళ్లందరికీ జరుగుతుంది, తెలిసి ఉంటే చూపు మార్చుకోవచ్చు.

కుడికి తిరిగే మలుపుల్లో మలుపు కోసేసి వెళ్లాలనిపిస్తుంది. ఆ క్షణానే ఎదురుగా బస్సు ఎక్కుతూ వస్తుంది. ఎప్పుడూ మీ ఎడమ వరసలోనే ఉండండి. ఎడమకి తిరిగే మలుపుల లోపలి అంచున సన్న కంకర చేరి ఉంటుంది, దానికి ఒక అడుగు దూరంగా రండి. నీలగిరి ఆకులు పరుచుకున్న చోట, స్పీడ్ బ్రేకర్ మీది తెల్ల రంగు మీద బ్రేకు వేయొద్దు. తడిగా ఉంటే అసలే వద్దు. రిమ్ము బ్రేకులకి తడిలో మొదటి చుట్టు నీళ్లు తుడవడానికే పోతుంది, అందుకని చాలా ముందుగానే తాకించి ఉంచండి. ముందు సైకిల్‌కి, మీకు మధ్య నాలుగైదు సైకిళ్ల దూరం ఉండాలి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టొద్దు. వెనక వచ్చే కారుని మొదట వినేది చెవే.

మూడు నాలుగు చోట్ల ఆగుదామని గైడ్‌ని ముందే అడగండి. చేతివేళ్లు పట్టేస్తాయి. ఆగినప్పుడు వేళ్లు విదిలించండి, మణికట్లు తిప్పండి. ఒకసారి ఆగిన చోట నుంచి చూస్తే కింద ద్రాక్షతోటల పందిళ్లు పచ్చగా కనిపించాయి. ఈ ప్రాంతం బెంగళూరు బ్లూ ద్రాక్షకి పేరు. నలుగురం మాట్లాడకుండా చాలాసేపు చూశాం.

మట్టిదారి, గుడి

కూడలి దాటాక నంది గ్రామం దాకా గైడ్‌లు కొందరు తోటల మధ్య మట్టిదారిలో తీసుకెళ్తారు. మట్టి మీద ముందు బ్రేకు సగం బలంతోనే వాడండి. ఇసుక కనిపిస్తే బ్రేకు వదిలి, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటేయండి. అలసిపోయి ఉంటే తారురోడ్డే అడగండి.

భోగనందీశ్వర ఆలయానికి వెయ్యేళ్లకి పైగా చరిత్ర ఉంది. నొళంబ రాజుల కాలం నుంచి విజయనగరం దాకా కట్టుబడి పెరుగుతూ వచ్చింది. కల్యాణ మండపంలో నల్లరాతి స్తంభాల మీద చిలకలు, తీగలు చేత్తో తడమాలనిపించేంత నునుపుగా ఉన్నాయి. తడమకండి, చూడండి. లోపల శృంగితీర్థం అనే పెద్ద కోనేరు ఉంది. దక్షిణ పినాకిని నది ఇక్కడే పుట్టిందని స్థలపురాణం. హెల్మెట్ తీసి, కోనేటి మెట్ల మీద పావుగంట కూర్చోండి. ఇంటికి ఫోన్ చేసి కిందికి దిగిపోయామని చెప్పండి. ఇంట్లోవాళ్లకి పొద్దుటి నుంచి ఉన్న టెన్షన్ అప్పుడే తీరుతుంది.

వ్యాను ఎక్కేముందు ఇంకో పని ఉంది. మీ సైకిల్‌లో ఏం గమనించారో గైడ్‌కి చెప్పండి. వెనక బ్రేకు కొంచెం వదులు, గేరు దూకుతోంది, సీటు బోల్టు జారుతోంది, ఏదైనా సరే, ఎంత చిన్నదైనా సరే. ఇప్పుడు నేను వెళ్లే గైడ్ అలా చెప్పిన సైకిల్ హ్యాండిల్‌కి ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టి వ్యాను పైన విడిగా పెడతాడు. అది విప్పేదాకా ఆ సైకిల్ ఎవరికీ ఇవ్వడు. వచ్చే ఆదివారం దాని మీద ఎవరు దిగుతారో మీకు తెలియదు.